32 ఏళ్ల తమ్ముడికి గార్డియన్‌షిప్ తీసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి

తూర్పువీధి
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 32 ఏళ్లు. మేధో వైకల్యం, సదరం (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో 75 శాతం. నాన్న పోయి రెండేళ్లయింది. అమ్మకి 69. వాళ్లిద్దరూ రాజమండ్రిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. వాడి పేరు మీద ఖాతా తెరుద్దామని వెళ్తే బ్యాంకువాళ్లు గార్డియన్ సర్టిఫికెట్, అంటే వాడి తరఫున చట్టపరంగా సంతకం పెట్టేది ఎవరో చెప్పే పత్రం, తెమ్మన్నారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ గారి అధ్యక్షతన లోకల్ లెవల్ కమిటీ ఇస్తుందట. ఎవరైనా తీసుకున్నారా? అమ్మ పేరు పెట్టాలా, నా పేరా?

పద్మావతి_గుంటూరు
తమ్ముడూ, ఇంకేమీ ఆలోచించకుండా తీసుకోండి. మా చెల్లికి 38. నాలుగేళ్ల కిందట నా పేరు మీద తీసుకున్నాను, అయిదు నెలలు పట్టింది. సదరం, ఇద్దరి ఆధార్‌లు, ఫొటోలు, మిగతా తోబుట్టువుల అంగీకార పత్రం అడిగారు. అమ్మగారి వయసు చూస్తే మీ పేరే పెట్టడం మంచిది. రేపు ఆవిడకేమైనా అయితే మళ్లీ మొదటి నుంచీ తిరగాలి.

కరీంనగర్_అన్న
సదరం ఉంటే సరిపోదు, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) కూడా తీయించండి.

ప్రసాద్_విజయనగరం
ఒక్క నిమిషం ఆగండి. ఎలా తీసుకోవాలో తర్వాత చూద్దాం, అసలు ఎందుకు తీసుకోవాలి? 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలోనే 14వ సెక్షన్ చూడండి. ఈ మనిషికి గార్డియన్ అవసరమా, ఏ పనికి అవసరం అన్నది కమిటీ ముందు తేల్చాలని ఉంది. ఆ తర్వాత 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని 13వ సెక్షన్ ప్రకారం ఆస్తి, డబ్బు, బ్యాంకు లోను విషయాల్లో వాళ్లకీ అందరితో సమానంగా హక్కు ఉంది. ఈ 2016 చట్టం 14వ సెక్షన్ చెప్పేది పరిమిత గార్డియన్‌షిప్. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషి ఇష్టానికి లోబడి, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. బతికినంతకాలం అన్నిటికీ మీ సంతకమే చెల్లాలనడం ఆ చట్టం ఉద్దేశం కాదు.

పద్మావతి_గుంటూరు
ఈ సెక్షన్లన్నీ బ్యాంకు కౌంటర్ దగ్గర చెప్పి చూడండి ప్రసాద్ గారూ. మా చెల్లికి సంతకం రాదు, వేలిముద్ర వేస్తుంది. వేలిముద్ర అయితే ఇద్దరు సాక్షులు కావాలన్నారు. తీసుకెళ్తే, ఏం చేస్తున్నావో నీకు తెలుసా అని దాన్ని అడిగారు. నవ్వింది. ఫారం వెనక్కిచ్చేశారు.

ప్రసాద్_విజయనగరం
తప్పు బ్యాంకుది. దానికి మీ చెల్లి హక్కులు ఎందుకు వదులుకోవాలి?

లక్ష్మి_డల్లాస్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారికి అల్జీమర్స్. ఆయన బాగున్నప్పుడు మా అన్నయ్యకి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చారు. అది చాలదా?

ప్రసాద్_విజయనగరం
చాలదు లక్ష్మి గారూ. ఇచ్చినవారికి మతిస్థిమితం పోతే కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం వారు ఇచ్చిన ఆ అధికారం ముగిసిపోతుంది. సరిగ్గా అవసరం పడిన రోజునే అది పనికిరాదు. నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలే ఉన్నాయి, అల్జీమర్స్ లేదు. అందుకే చాలా కుటుంబాలు గార్డియన్‌గా నియమించమని హైకోర్టులో రిట్ పిటిషన్ వేసుకుంటున్నాయి. మంచి వకీలును కలవండి.

పద్మావతి గారూ, ఇంకో మాట. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో చండీగఢ్ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ఒక అమ్మాయి అత్యాచారం వల్ల గర్భవతి అయింది. ఆమెకి మేధో వైకల్యం. గర్భం తీసేయమని హైకోర్టు చెప్పింది. ఆమె బిడ్డ కావాలంది. సుప్రీంకోర్టు ఆమె మాటనే నిలబెట్టింది. అంత పెద్ద విషయంలోనే ఆమె మాట చెల్లినప్పుడు పాస్‌బుక్ దగ్గర ఎందుకు చెల్లదు?

పద్మావతి_గుంటూరు
మీరెప్పుడైనా ఒక్క రాత్రి అలాంటి మనిషి పక్కన పడుకున్నారా? మా చెల్లికి పిత్తాశయంలో రాళ్లు వచ్చి రెండు రోజులు మెలికలు తిరిగిపోయింది. ఆపరేషన్ అంటే సూది వద్దని ఏడ్చింది. నేను సంతకం పెట్టాను. ఆ రోజు దాని ఇష్టానికి వదిలేసి ఉంటే ఇవాళ ఉండేదా? ఇరవై ఏళ్లుగా దాని బట్టలు ఉతుకుతున్నది నేను, సెక్షన్లు కాదు. చూసుకునేవాళ్లకి నిర్ణయించే హక్కు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ప్రసాద్_విజయనగరం
మా మేనత్త కూడా అలాంటి మనిషే. ఆమెను చూసుకున్నది మా పెదనాన్నలే, కాదనను. అన్నం పెట్టారు. ఆ అన్నం పెట్టే చేతులతోనే వేలిముద్ర వేయించుకుని ఆమె పేరున ఉన్న 2 ఎకరాలు రాయించుకున్నారు. చివరి మూడేళ్లు ఆమె ఒక హాస్టల్‌లో ఉంది. నన్ను చూసిన ప్రతిసారీ చేను దగ్గరికి తీసుకెళ్లమని అడిగేది. అందరూ అదే అన్నారు: చూసుకుంటున్నది వాళ్లేగా, వాళ్లకి తెలియదా అని.

పద్మావతి_గుంటూరు
మీ పెదనాన్నలు చేసినదానికి నన్ను దొంగను చేయకండి. కావాలంటే మీరు చెప్పిన 2016 చట్టంలోనే చూడండి, రక్తసంబంధం ఉందన్న కారణంతో స్వార్థం ఉన్నట్టు అనుకోకూడదని రాసి ఉంది.

ప్రసాద్_విజయనగరం
రాసి ఉంది. దానికి ముందు వాక్యం కూడా చదవండి. డబ్బు, ఆస్తి వ్యవహారంలో సాయపడేవారి లాభం, ఆ మనిషి లాభం ఒకదానికొకటి అడ్డొస్తే, ఆ వ్యవహారం నుంచి సాయపడేవారు తప్పుకోవాలి. మీరు దొంగని నేనెక్కడా అనలేదు. కమిటీకి ఏటా లెక్కలు ఇస్తున్నారా అని మాత్రం అడుగుతున్నాను. ఇవ్వాలని నేషనల్ ట్రస్ట్ చట్టం 16వ సెక్షన్‌లో ఉంది.

పద్మావతి_గుంటూరు
మొదటి ఏడాది ఇచ్చాను. తర్వాత ఎవరూ అడగలేదు.

కరీంనగర్_అన్న
మా దగ్గరా ఎవరూ అడగరు.

తూర్పువీధి
అందరికీ క్షమాపణలు. నా వల్ల మీరిద్దరూ మాటా మాటా అనుకుంటున్నారు. ఒక విషయం ముందే చెప్పాల్సింది. ఖాతా ఒక్కటే కాదు. నాన్న వీలునామా రాయలేదు. ఇల్లు అమ్మకీ, అక్కకీ, నాకూ, వాడికీ సమాన వాటా. అమ్మేద్దామని అక్కా నేనూ అనుకున్నాం. కొనేవాళ్ల వకీలు వాడి వాటాకి గార్డియన్ సంతకం కావాలన్నాడు. డబ్బు వచ్చాక వాణ్నీ అమ్మనీ హైదరాబాద్ తీసుకెళ్లిపోతాను. అమ్మ మోకాళ్లు పని చేయడం లేదు, అక్కడ ఎవరున్నారు చూడ్డానికి? వాడు మాత్రం రానంటున్నాడు. పొద్దున్నే మా వీధిలో 14 ఇళ్లకి పాల ప్యాకెట్లు వేస్తాడు. ఎవరికి ఎన్నో వాడికి బాగా గుర్తు.

ప్రసాద్_విజయనగరం
అయితే ఈ అమ్మకంలో మీరు వాడి తరఫున సంతకం పెట్టకూడదు బాబూ. మీకూ అందులో వాటా ఉంది. వాడి మంచి కోసం అమ్మినా సరే, పెట్టకూడదు.

పద్మావతి_గుంటూరు
ఇదా సంగతి. మీ పేరు పెట్టమని మొదట చెప్పింది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా గార్డియనే వద్దన్న ప్రసాద్ గారి మాట మాత్రం ఒప్పుకోను. ఇంటి ధర ఎంతో ఆ అబ్బాయికి తెలియదు, ఎవరో ఒకరు చూడాలి. కానీ ఎక్కడ ఉండాలన్నది వాడికి తెలుసు. 14 ఇళ్లు గుర్తున్న మనిషికి అది తెలియకుండా ఉంటుందా? వాణ్ని కూర్చోబెట్టి అడిగారా?

తూర్పువీధి
నిన్న రాత్రి ఫోన్‌లో అడిగాను. హైదరాబాద్‌లో మనకి పెద్ద ఫ్లాట్ ఉందిరా, వస్తావా అన్నాను. పాలు ఎవరు వేస్తారు అన్నాడు. తర్వాత ఫోన్ అమ్మకి ఇచ్చేశాడు.

పద్మావతి_గుంటూరు
అడ్వాన్స్ తీసుకున్నారా?

తూర్పువీధి
తీసుకున్నాం అక్కా. 3 లక్షలు.