కాఫీ దుకాణం, పరిచర్య రెండూ మోయలేకపోతున్నాను: ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న

అందరికీ వందనాలు. మాది గుంటూరు జిల్లా. మా దంపతులం ఆరేళ్ళుగా థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో చిన్న కాఫీ దుకాణం నడుపుతూ, దాని ఆదాయంతోనే బతుకుతూ, సువార్త సేవ చేస్తున్నాము. సాధారణంగా ఇక్కడ ఒక్క విదేశీయుడి వర్క్ పర్మిట్ నిలవాలంటే కంపెనీకి 20 లక్షల బాత్‌ల మూలధనం, నలుగురు థాయ్ ఉద్యోగులు ఉండాలి కనుక, అమ్మకాలు పడిపోయిన నెలలోనూ ఒక్కరిని తగ్గించుకోలేము. ఎనిమిది నెలలుగా నాకు సరిగా నిద్ర లేదు. తలుపు గంట మోగితే విసుగు, ఎవరైనా ప్రార్థన చేయమంటే అంతకంటే విసుగు. ఊరిలోని మా చర్చి సంఘానికి నెలనెలా పంపే ఉత్తరంలో మాత్రం ‘ప్రభువు నడిపిస్తున్నాడు’ అని రాస్తున్నాను. అది అబద్ధం కాదు గానీ, పూర్తి నిజమూ కాదు. దుకాణం మూస్తే వీసా పోతుంది, దానితో సేవా పోతుంది.

మొదటి జవాబు

సహోదరా, పౌలు కూడా డేరాలు కుట్టుకుంటూనే సువార్త ప్రకటించాడు. ఓపిక పట్టండి, ప్రార్థిస్తాము.

రెండవ జవాబు

పై సహోదరుని ప్రార్థనకు కృతజ్ఞతలు గానీ, బైబిల్లో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం ఇంకాస్త ముందుకు చదవాలి. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట వారితో కలిసి కుట్టాడు. సీల, తిమోతి మాసిదోనియ నుండి వచ్చాక వాక్యబోధలోనే నిమగ్నుడయ్యాడు. ఒంటరిగా కుట్టలేదు, ఎల్లకాలమూ కుట్టలేదు. బెంగాల్‌లో బైబిలు అనువదించిన మిషనరీ విలియం కేరీ 1794లో నీలిమందు కర్మాగారం చూసుకుంటుండగానే కొడుకు పీటర్ చనిపోయాడు. మతి చలించిన కేరీ భార్య డొరొతీ 1807లో చనిపోయే వరకు కోలుకోలేదు. కేరీ అనువాదాల గురించి మన సభల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఆమె గురించి ఒక్కటీ వినలేదు.

బ్రదర్ గారూ, మేము కంబోడియాలో తొమ్మిదేళ్ళు కుట్టుపని కేంద్రం నడిపి తిరిగి వచ్చాము. జీతాల తారీఖు దగ్గరపడితే మావారు లెక్కల పుస్తకాన్ని నా కంట పడకుండా బైబిలు కింద దాచేవారు. కొనేవారి ముందు యజమాని నష్టం ఒప్పుకోకూడదు, సంఘం ముందు సేవకుడు అలసట ఒప్పుకోకూడదు. మమ్మల్ని వీసా భయం కంటే ఈ రెండు మౌనాలే ఎక్కువ కుంగదీశాయి. చివరికి సంఘానికి పంపే ఉత్తరం కాక, మా పోషణతో ఏ సంబంధమూ లేని ముగ్గురికి లెక్కలతో సహా మరో ఉత్తరం రాయడం మొదలుపెట్టాము. ఆదివారమే మాకు అన్నిటికంటే బరువైన పనిదినం కాబట్టి మంగళవారం కేంద్రం మూసేవాళ్ళం.

మూడవ జవాబు

నేను విజయవాడలో మానసిక వైద్యుడిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణ బర్నవుట్‌ను జబ్బుగా కాక, పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా చూపుతుంది. శక్తి హరించుకుపోవడం, పనిపై విముఖత, చేతకావడం లేదన్న భావన దాని లక్షణాలు. అయితే దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజంతా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దానికి చికిత్స ఉంది. ఎనిమిది నెలల నిద్రలేమి చిన్న విషయం కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మీ భార్యగారు ఎలా ఉన్నారో మీరు రాయలేదు.

ప్రశ్న అడిగినవారు

డాక్టరు గారూ, మీ చివరి మాట చదివి ఆమెను అడిగాను. తనకూ నిద్ర పట్టడం లేదట. ఇద్దరం గురువారం డాక్టరును కలుస్తున్నాము. మంగళవారాలు సెలవని తలుపుకు కాగితం అంటించాము. రెండో ఉత్తరం ఎవరికి రాయాలో ఇద్దరి పేర్లు తట్టాయి, మూడో పేరు ఇంకా తట్టలేదు.