ఘనా నుంచి అమ్మను జర్మనీకి రప్పించడానికి ఏ కాగితాలు పెట్టాలి?

మ్యూనిక్‌లో నాతో పనిచేసే ఘనా అమ్మాయి కాన్పు సమయానికి వాళ్ళమ్మను కుమాసీ నుంచి రప్పించుకోవాలనుకుంటోంది. మనలాగే వాళ్ళకీ షెంగెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాల్లో 90 రోజుల వరకు ఉండనిచ్చే వీసా) తప్పదు కాబట్టి, ఇండియా నుంచి అమ్మానాన్నలను తెచ్చుకున్నవాళ్ళకి ఈ తతంగం తెలిసే ఉంటుందని అడుగుతున్నా. 90 యూరోల ఫీజు, 30 వేల యూరోల కవరేజీ ఉండే ట్రావెల్ ఇన్సూరెన్స్ అవన్నీ చూసుకుంది. ఖర్చులు తనే భరిస్తానని ఇక్కడి ఫారినర్స్ ఆఫీసులో ఇచ్చే హామీ పత్రం కూడా తీసుకుంటుంది.

అసలు చిక్కేంటంటే, వాళ్ళమ్మ మార్కెట్లో బట్టల వ్యాపారం చేస్తారు, డబ్బంతా మొబైల్ మనీలోనే (బ్యాంకుతో పనిలేకుండా ఫోన్ నంబర్ మీద నడిచే ఖాతా) తిరుగుతుంది, బ్యాంకు ఖాతా ఉన్నా అందులో పెద్దగా లావాదేవీలు లేవు, మరి తిరిగి వెళ్తారని వీసా ఆఫీసర్‌ని ఎలా నమ్మించాలి? మొబైల్ మనీ స్టేట్‌మెంట్, ఇంటి కాగితాలు పనికొస్తాయా? పెన్షన్, ఉద్యోగం లేని పేరెంట్స్‌కి మీరేం పెట్టారు?

రిజెక్ట్ అయితే ఎంబసీకే మళ్ళీ చూడమని రాసుకునే పద్ధతిని జర్మనీ 2025 జులైలో ఎత్తేసింది, ఇప్పుడు కొత్తగా అప్లై చేయడమో కోర్టుకెళ్ళడమో, అందుకే ఈ టెన్షన్ అంతా. ఇంకోటి, కాన్పు సంగతి కవరింగ్ లెటర్‌లో రాయడం మంచిదేనా, లేక 90 రోజులు దాటి ఉండిపోతారని అనుమానిస్తారా?

ఏజెంట్ల నంబర్లు మాత్రం వద్దండి.