పళ్ళు నూరుతున్నానని దవడకి బొటాక్స్ వేస్తామంటున్నారు డెంటిస్ట్. వేయించుకున్నవాళ్ళు చెప్పండి

నిద్రలోరంపం:
రాత్రిళ్ళు పళ్ళు నూరే అలవాటు నాకు ఆరేళ్ళుగా ఉంది. రాయి మీద రాయి పెట్టి రుద్దుతున్నట్టు ఉంటుందని మా ఆయన అంటారు. పొద్దున లేచేసరికి కణతల దగ్గర నొప్పి. నోరు పెద్దగా తెరిస్తే చెవి ముందు కటుక్కుమంటుంది. రాత్రిళ్ళు పళ్ళకి తొడుక్కునే నైట్ గార్డ్ ఇచ్చారు, ఏడాదిలో దానికే చిల్లు పెట్టాను. ఈ మధ్య వెనక పన్ను క్యాప్ కూడా పగిలింది. నిన్న వెళ్తే, దవడ కండరంలో బొటాక్స్ ఇంజెక్షన్ చేద్దామన్నారు. నాకు తెలిసి అది ముడతలకి వేసేది. పళ్ళ డాక్టర్ వేయడమేంటి? ముఖం బిగుసుకుపోతుందా? నమలగలనా? మంచీ చెడూ రెండూ చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

రెండోడోసు:
నేను రెండుసార్లు వేయించుకున్నానండీ. పళ్ళు గట్టిగా బిగించి చెంప కింద వేలు పెట్టి చూసుకోండి, ముద్దలా ఉబుకుతుంది. అదే మాసెటర్ కండరం. నాతోనూ నాలుగైదుసార్లు అలా బిగించి వదలమన్నారు. కండరం చుట్టూ పెన్సిల్‌తో గీశారు. చెవి నుంచి పెదవి మూల దాకా ఇంకో గీత గీసి, దానికి కింద మాత్రమే మూడు చోట్ల గుచ్చారు. నాకు ఒక్కో వైపు 25 యూనిట్లు పట్టింది. సూది బాగా సన్నది, మత్తు కూడా ఇవ్వలేదు. నాలుగు గంటలు పడుకోవద్దని, చెంపలు రుద్దొద్దని, ఆ రోజు జిమ్‌కి వెళ్ళొద్దని చెప్పి పంపేశారు.

మూడు రోజులు ఏమీ తెలియలేదు, దండగ అనుకున్నాను. వారం తిరిగేసరికి పొద్దుటి తలనొప్పి తగ్గింది. రెండు వారాలకి పూర్తిగా పట్టింది. నమలడానికి ఇబ్బంది లేదు గానీ, గట్టివి తింటే సగంలోనే దవడ అలిసిపోయేది, మెట్లెక్కితే కాళ్ళు పీకినట్టు. కొన్నాళ్ళకి అదీ అలవాటైపోయింది. నాలుగో నెలలో పాత నొప్పి మెల్లగా మళ్ళీ తొంగిచూసింది.

పంటికుర్చీపక్కన:
నేను డెంటిస్ట్‌ని. "పళ్ళ డాక్టర్ వేయడమేంటి" అన్నదానికి: ఆ కండరాలు, నరాలు, లాలాజల గ్రంథులు మేం రోజూ పనిచేసే చోటే ఉంటాయి. అయినా డిగ్రీ ఒక్కటే చాలదు, దీనికి విడిగా శిక్షణ కావాలి. డెంటిస్ట్ ఎంతవరకు వేయొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఎక్కడ నేర్చుకున్నారు, దవడకి ఇంతవరకు ఎంతమందికి వేశారు అని మొహమాటం లేకుండా అడగండి. నన్నడిగితే నేనైతే నొచ్చుకోను.

ఇది పనిచేసే తీరు చెప్తాను. కండరం కదలాలంటే నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి. అందుకు స్నాప్-25 అనే ప్రోటీన్ కావాలి. బొటాక్స్‌లో ఉండే టైప్ ఏ టాక్సిన్ దాన్ని తెగ్గొడుతుంది, దాంతో కబురు కండరానికి అందదు. కొన్ని నెలల్లో నరం చివర్లు కోలుకుంటాయి, అందుకే రెండోడోసు గారికి నాలుగో నెలలో నొప్పి తిరిగొచ్చింది.

కానీ పళ్ళు నూరమనే ఆజ్ఞ మెదడు నుంచి వస్తుందండీ. ఇంజెక్షన్ ఆ ఆజ్ఞని ఆపదు, నూరే బలాన్ని తగ్గిస్తుంది. కాబట్టి కొత్త గార్డ్ చేయించుకోండి, చిల్లుపడ్డ దాన్ని నమ్ముకోకండి. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగుతోందా అని మీ ఆయన్ని అడగండి. డిప్రెషన్‌కి వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులతోనూ కొందరికి ఈ నూరుడు మొదలవుతుంది. వాడుతుంటే రాసిన డాక్టర్‌తో మాట్లాడండి, సొంతంగా ఆపేయొద్దు. ఇక ఆ కటుక్కుమనే చప్పుడు కీలులో డిస్క్ జరగడం వల్ల అయితే ఈ ఇంజెక్షన్‌తో డిస్క్ వెనక్కి రాదు.

అనుమానప్పక్షి:
అందరూ కండరం, యూనిట్లు అంటున్నారు గానీ విషం అన్న మాట ఒక్కరూ అనరేం? క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా తయారుచేసే విషం ఇది, నిల్వ ఆహారం పాడైతే ప్రాణం తీసేది ఇదే. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ కనుబొమల మధ్య ముడతలకి 2002లో, దీర్ఘకాలిక మైగ్రేన్‌కి 2010లో అనుమతిచ్చింది. పళ్ళు నూరడానికి ఇవ్వలేదు. అంటే వేసేది ఆఫ్-లేబుల్. ఈ మాట మీ డెంటిస్ట్ నోట వచ్చిందా అక్కా?

పంటికుర్చీపక్కన:
న్యాయమైన ప్రశ్న. ఆఫ్-లేబుల్ అని ముందే చెప్పి సంతకం తీసుకోవాలి, చెప్పకపోతే అది మావాళ్ళ తప్పే. మందుగా దీని చరిత్ర మాత్రం ముడతలతో మొదలవలేదు. 1989లో తొలి అనుమతి మెల్లకన్నుకి, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి. విషమా మందా అన్నది మోతాదు తేలుస్తుంది. అలాగని తేలిగ్గా తీసుకోమనను. టాక్సిన్ వేసిన చోటి నుంచి దూరంగా పాకే ప్రమాదముందని ఎఫ్‌డీఏ 2009 నుంచి డబ్బా మీదే హెచ్చరిక వేయిస్తోంది. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి బరువైనా వాట్సాప్‌లో ఫొటో పెట్టి ఎదురుచూడకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి.

గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి నేను వేయను. మయస్తీనియా గ్రావిస్ లాంటి నరం-కండరం జబ్బులుంటే వద్దు. జెంటమైసిన్ లాంటి యాంటీబయాటిక్ నడుస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

నవ్వువంకర:
నా కథ వేరు. నేను నొప్పికి కాదు, ముఖం సన్నబడుతుందని వేయించుకున్నాను. ఎక్కడ అన్నది వదిలేయండి. పది రోజులకి అద్దంలో నవ్వి చూసుకుంటే పెదవి కుడి మూల పైకి లేవడం లేదు. మాట్లాడితే తెలియదు, నవ్వితేనే. అదే సమయంలో మా కజిన్ పెళ్ళి. ఆ ఆల్బమ్ మొత్తంలో నేను నోరు మూసుకునే ఉన్నాను. మందు మాసెటర్‌లో ఉండకుండా పక్కనున్న నవ్వు కండరంలోకి పాకిందట. విరుగుడు అడిగితే లేదన్నారు. ఫిల్లర్ అయితే కరిగించే ఇంజెక్షన్ ఉందట, దీనికి లేదట. పదో వారానికి నవ్వు సరిగ్గా వచ్చింది. మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేదు.

రెండోడోసు:
అయ్యో. నాకూ మొదటిసారి పళ్ళు బిగిస్తే చెంప మధ్యలో గోళీలా ఒక ఉబ్బు వచ్చింది. కండరంలో ఒక పొర పడుకుంటే ఇంకో పొర ఒక్కటే ఉబుకుతుందట. రెండు వారాల చెకప్‌లో అక్కడ కొంచెం వేశారు, సర్దుకుంది. చెకప్ మాత్రం మానొద్దు.

చిగుళ్ళనవ్వు:
నేను దవడకి కాదండీ, నవ్వితే పై చిగుళ్ళు మొత్తం కనిపిస్తాయని వేయించుకున్నాను. ముక్కు పక్కన ఒక్కో వైపు ఒక పోటు, రెండేసి యూనిట్లు. పై పెదవి ఎక్కువ పైకి లేవకుండా ఆగింది. మొదట్లో ఈల వేయడం రాలేదు, స్ట్రాతో తాగితే పెదవి జారింది. బాగుందా అంటే బాగుంది, కానీ అయిదో నెలకి పాత నవ్వే. పెదవి వల్లే చిగుళ్ళు కనిపిస్తుంటేనే ఇది పనికొస్తుంది, పళ్ళు పొట్టివై గానీ పై దవడ ఎముక పొడవై గానీ కనిపిస్తే వేరే వైద్యం అని కొలిచి చెప్పారు. కొలవకుండానే సూది తీసేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

నాన్నగారిపక్కన:
టాపిక్‌కి కొంచెం పక్క సంగతి. మా నాన్నగారికి పార్కిన్సన్స్. చొంగ కారి రోజుకి ఆరేడు చొక్కాలు మార్చాల్సి వచ్చేది. పళ్ళు చూపించడానికి వెళ్తే ఆ డెంటిస్టే దీనికీ బొట్యులినమ్ ఉందని చెప్పి న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. అల్ట్రాసౌండ్ చూస్తూ చెవి కింద, దవడ కింద ఉన్న గ్రంథుల్లో వేశారు. దీనికి ఎఫ్‌డీఏ అనుమతి 2018లోనే వచ్చిందట. ఇప్పుడు రెండు చొక్కాలతో సరిపోతోంది. నోరు ఎండుతోందని మాత్రం గొణుగుతారు.

అనుమానప్పక్షి:
నాన్నగారి విషయంలో నోరు మూసుకుంటున్నాను. దవడ ఎముక సంగతి మాత్రం అడుగుతా. ఏళ్ళ తరబడి వేస్తూ పోతే ఎముక పలచబడదా?

పంటికుర్చీపక్కన:
జంతువులపై చేసిన పరిశోధనల్లో కండరం లాగుడు తగ్గినచోట ఎముక తగ్గడం కనిపించింది. మనుషుల్లో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. అందుకే నేను తక్కువ మోతాదుతో మొదలుపెడతాను, మూడు నెలలు దాటకుండా మళ్ళీ వేయను. త్వరత్వరగా వేస్తే ఒంట్లో యాంటీబాడీలు తయారై మందు పట్టకుండా పోవచ్చు కూడా. ఇంకో మాట, బొటాక్స్ యూనిట్, డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండ్ యూనిట్ ఒకటి కావు. "ఆవిడకి 25 వేశారు, నాకెందుకు అంతకంటే ఎక్కువ" అని పోల్చుకునే ముందు బ్రాండ్ పేరు అడగండి. ఆవుపాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్ళకి డిస్‌పోర్ట్ పనికిరాదు.

నిద్రలోరంపం:
నేను మళ్ళీ వచ్చాను. వేయించుకుని అయిదు వారాలైంది. ఇక్కడ చదివినవన్నీ కాగితం మీద రాసుకెళ్ళి అడిగాను. ఆఫ్-లేబుల్ అని వారే ముందు చెప్పారు, సీసా మీద పేరు చూపించారు. ఒక్కో వైపు 20తో మొదలుపెట్టారు. కణతల నొప్పి వారంలో మూడు రోజులకి తగ్గింది, పూర్తిగా పోలేదు. కటుక్కు అలాగే ఉంది. కొత్త గార్డ్ మీద గీతలు పడుతున్నాయి గానీ పాతదాని మీద పడ్డంత లోతుగా లేవు. మా ఆయన రిపోర్ట్: "రాయి శబ్దం పోయింది, ఇప్పుడు గరుకు కాగితం." ఆయన నా గురక సంగతి కూడా బయటపెట్టారు, వచ్చే వారం నిద్ర పరీక్ష ఉంది. ఎడమవైపు ఇంకా గట్టిగా అనిపిస్తోంది, ఇప్పుడే ఇంకాస్త వేయమని అడగనా?

పంటికుర్చీపక్కన:
వద్దండీ. నిద్ర పరీక్ష కానివ్వండి. ఎడమవైపు ఎక్కువ నములుతున్నారేమో ఈ వారం గమనించి, ఆ రెండూ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నిద్రలోరంపం:
ఎడమవైపే నములుతున్నాను. కుడివైపు క్యాప్ ఇంకా వేయించుకోలేదుగా!