ఫర్ లూప్‌లో సద్దుల బతుకమ్మ ఎందుకు రావడం లేదు?

హనుమకొండ డిగ్రీ:
డిగ్రీ మొదటి సంవత్సరంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. బతుకమ్మ రోజులను, వాటి నైవేద్యాలను వరుసగా చూపే చిన్న ప్రోగ్రామ్ రాసి, తొమ్మిది రోజులు కదా అని, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్‌లో సంఖ్యల హద్దుగా రేంజ్(1, 9) అని ఇచ్చాను. ఎంగిలిపూల నుండి వెన్నముద్దల దాకా ఎనిమిది రోజులే వచ్చి, సద్దుల రోజు రాకుండానే ప్రోగ్రామ్ ముగిసింది. ఎర్రర్ కూడా చూపలేదు. ఇంకెవరికైనా ఇలా జరిగిందా?

కాజీపేట అక్క:
జరగనివారు ఉండరు తమ్ముడూ. నేను మొదట రాసిన ఎక్కాల ప్రోగ్రామ్ తొమ్మిదో వరుసతోనే ఆగిపోయింది. రేంజ్‌లో మొదటి సంఖ్య చేరుతుంది, రెండవది చేరదు. కాబట్టి రేంజ్(1, 10) అని ఇవ్వాలి. ఇది వింతగా తోచినా, పదిలోంచి ఒకటి తీసివేస్తే లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో నేరుగా తెలుస్తుంది. రేంజ్(1, 5) తరువాత రేంజ్(5, 10) పెడితే ఏ సంఖ్యా రెండుసార్లు రాదు, ఏదీ తప్పిపోదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982లో ఈ పద్ధతినే సమర్థిస్తూ ఒక చిన్న వ్యాసం రాశారు.

నర్సంపేట సి:
సి భాషలో హద్దును మనమే రాస్తాము గనుక ‘తక్కువ’ గుర్తు పెట్టామా, ‘తక్కువ లేదా సమానం’ పెట్టామా అన్నదే అక్కడి తగాదా. నన్ను ఒక పూటంతా ఏడిపించింది మాత్రం ఫర్ బ్రాకెట్ మూసిన వెంటనే పడిన సెమీకోలన్; లూప్ అక్కడితోనే ముగిసినట్టు లెక్క. లూప్ ఖాళీగా తొమ్మిదిసార్లు తిరిగి, కింది ప్రింట్ వాక్యం ఒక్కసారే నడిచి, 10 అని చూపింది. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు అది తప్పు కాదు!

హనుమకొండ డిగ్రీ:
సద్దుల రోజు వచ్చింది, ధన్యవాదాలు. అయితే ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యం ఉండదు కనుక అక్కడ బ్రేక్ పెట్టాను; ఇప్పుడు అట్ల బతుకమ్మతోనే అంతా ఆగిపోతున్నది.

కాజీపేట అక్క:
బ్రేక్ లూప్‌నే ముగిస్తుంది. ఆ ఒక్క రోజును దాటవేయడానికి కంటిన్యూ వాడాలి. ఇదే పనిని, షరతు నిజమైనంతసేపు తిరిగే వైల్ లూప్‌తో చేసేటప్పుడు, రోజును ఒకటి పెంచే వాక్యం కంటిన్యూ కంటే ముందే ఉండాలి. లేకపోతే అమ్మవారు ఆరో రోజు దగ్గరే అలిగి కూర్చుంటుంది, ప్రోగ్రామ్ ఎప్పటికీ ముగియదు. ఫర్‌లో ఆ బాధ లేదు, తరువాతి సంఖ్యను అదే తెచ్చుకుంటుంది.

నర్సంపేట సి:
నన్నడిగితే ఇక్కడ రేంజే అక్కరలేదు. తొమ్మిది పేర్లను ఒక లిస్టులో పెట్టి, ఫర్‌ను ఆ లిస్టు మీదే నడిపితే హద్దు లెక్క తప్పే అవకాశమే ఉండదు. రోజు సంఖ్య కూడా కావాలంటే ఎన్యూమరేట్ వాడి, ఒకటి నుండి మొదలుపెట్టమని చెప్పండి. చెప్పకపోతే ఎంగిలిపూల రోజు సున్నా అవుతుంది.

హనుమకొండ డిగ్రీ:
అలాగే మార్చాను, సరిగా నడిచింది. అమ్మకు చూపగా ఆరో రోజు లేదేమని అడగలేదు కానీ, నానబియ్యంలో అక్షరదోషాన్ని మాత్రం పట్టుకున్నది.