నాన్న పుస్తకాలు: గ్రంథాలయానికి ఇచ్చేయాలా, తలా ఒకటి పంచాలా?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. కిందటి కార్తీకంలో కాలం చేశారు. ఆయన కూడబెట్టిన పుస్తకాలు రెండు వేల పైచిలుకు ఉన్నాయి. ఉగాది లోపు ఇల్లు ఖాళీ చేసి అమ్మను హైదరాబాదు తీసుకెళ్లాలి. నాది రెండు గదుల ఫ్లాటు. మొత్తం గ్రంథాలయానికి ఇచ్చేద్దామని అన్నయ్య. అడిగినవాళ్లకు అడిగినవి ఇస్తే కనీసం చదువుతారు కదా అని నేను. మీరైతే ఏం చేస్తారు?

గంటస్తంభం:
గ్రంథాలయానికి మాత్రం ఇవ్వకండమ్మా. మా మేనమామ పుస్తకాలు పదకొండు గోనెసంచుల్లో కట్టి ఒకచోట ఇచ్చాం. శాలువా కప్పారు, ఫొటో తీశారు. ఏడాది తర్వాత వెళ్తే మెట్ల కింద అవే సంచులు. మా అత్త వేసిన పురికొస ముడి కూడా విప్పలేదు. అడుగు సంచి ఎత్తితే చెదమట్టి జలజలా రాలింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. పుస్తకం చదివేవాడి చేతిలోనే ఉండాలి. పంచేయండి.

రిటైర్డ్ లైబ్రేరియన్:
గంటస్తంభం గారూ, మీకు జరిగింది అన్యాయమే. ఆ సంచులు ఎందుకు విప్పరో ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తాను. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులోకి ఎక్కించాలి, నంబరు వేయాలి, ముద్ర కొట్టాలి, ఏ విభాగమో చూసి బీరువాలో సర్దాలి. చాలా శాఖల్లో తలుపు తీసేదీ, పేపర్లు సర్దేదీ, ఈ పనంతా చేసేదీ ఒక్క మనిషే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం. ఆ డబ్బు వసూలు చేసిన మున్సిపాలిటీ నుంచి, పంచాయతీ నుంచి గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరదు. కొత్త బీరువా అడిగితే నవ్వేవాళ్లు.

అయినా 'పంచేయండి' అన్న మాట నేను ఒప్పుకోను. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి వందేళ్ల నాటి పత్రికలు చూడ్డానికి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. ఎవరో ఒకరు వాటిని కట్ట విడదీయకుండా ఉంచబట్టే కదా! తమిళనాడులో కారైకుడి దగ్గర కోట్టైయూరులో రోజా ముత్తయ్య గారు ఇంటినిండా పాత తమిళ పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు పోగుచేశారు. ఆయన 1992లో పోయారు. 1994లో షికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణ మొత్తాన్నీ కుటుంబం దగ్గర కొంది. ఇప్పుడది చెన్నైలో ఆయన పేరుతోనే గ్రంథాలయం. ఆ ఇంటివాళ్లు వచ్చిన చుట్టానికల్లా ఒక పుస్తకం చేతిలో పెట్టి పంపించి ఉంటే ఈరోజు అక్కడ ఏం మిగిలేది?

గంటస్తంభం:
రోజా ముత్తయ్య గారు కోటికొకరు సార్. మాస్టారి ఇంట్లో ఉండే ప్రబంధాలు, నిఘంటువులు, నవలలు విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లోనూ దొరుకుతాయి. వాటి కోసం ఒక గది ఎవరు కేటాయిస్తారు?

బాగ్‌లింగంపల్లి:
ఒక్కచోటే పెడితే భద్రమని కూడా అనుకోవద్దు. అబ్దుస్ సమద్ ఖాన్ సాబ్ జీవితమంతా సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు హైదరాబాదులో మా దగ్గర సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉండేవి. 2000 ఆగస్టు వరదలో నీళ్ల పాలైనయి. నానిన పుస్తకాలను కాపాడుకోనీకి ఎంతమంది ఎన్ని రోజులు కష్టపడ్డరో మాకు తెలుసు. ఎక్కడ ఇచ్చినా సరే, ఏమేం ఇచ్చిన్రో మీ దగ్గర రాసిపెట్టుకోండి.

రిటైర్డ్ లైబ్రేరియన్:
నేను చెప్పబోయిందీ అదేనండీ. అమ్మా, ఇవ్వడమా పంచడమా అన్నది తర్వాత. ముందు జాబితా రాయండి. బీరువాలోంచి తీసేముందు ప్రతి అరకూ ఫొటో తీయండి. మీ నాన్నగారు ఏ పుస్తకం పక్కన ఏది పెట్టుకున్నారో మళ్లీ తెలియదు. తర్వాత పేరు, రచయిత, ఏ ఏడు అచ్చయింది, లోపల ఆయన చేతిరాత ఉందా లేదా, ఇంతే. ఇద్దరు కూర్చుంటే రోజుకు నూటయాభై అవుతాయి.

గంటస్తంభం గారన్నట్టు అంతటా దొరికే నవలలు, నిఘంటువులు నిశ్చింతగా పంచేయండి. అందులో నాకూ పట్టింపు లేదు. పంచకూడనివి వేరే ఉంటాయి. బడి వార్షికోత్సవ సంచికలు, ఊళ్లో అచ్చేసుకున్న శతకాలు, సన్మాన పత్రాలు, నాటక సమాజాల కరపత్రాలు, ఆగిపోయిన చిన్న పత్రికలు. వీటికి రెండో ప్రతి ఉంటుందన్న భరోసా లేదు. ఆ జాబితా చేతిలో పెట్టుకుని గ్రంథాలయం మెట్లెక్కండి. సంచులతో వెళ్తే మెట్ల కిందే చోటు.

గంటస్తంభం:
ఇది ఒప్పుకుంటాను సార్. మామయ్య సంచుల్లో ఏమున్నాయో మేం ఒక్క కాగితం మీద కూడా రాసుకోలేదు. ఏం పోయిందో కూడా ఇప్పుడు చెప్పలేం.

తెనాలి అమ్మాయి:
శని, ఆదివారాలు అన్నయ్యా నేనూ కూర్చున్నాం. 263 అయ్యాయి. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద నాన్న కొన్న తేదీ, ఊరు, వెల రాశారు. పై అరలో ఓ భారత పర్వం తీస్తే పుటల మధ్య ఆర్టీసీ బస్సు టికెట్టు ఉంది, దాని వెనక పెన్సిలుతో 'అమ్మాయి ఫీజు పోను మిగిలింది' అని ఉంది. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. బడి సంచికలు పద్నాలుగు దొరికాయి, వాటిని విడిగా అట్టపెట్టెలో పెట్టాం. వచ్చే శనివారం రెండో బీరువా. కలరా ఉండలు వేయొచ్చా, వేపాకు చాలా, ఎవరైనా చెప్పండి.