నాన్నకి క్రియాటినిన్ 4.8, ఒక్కసారి డయాలసిస్ పెడితే ఇక జీవితాంతమేనా?

జనగామ_పెద్దకొడుకు:

నాన్నకి 72 ఏళ్లు. షుగర్ లేదు. బీపీ పదేళ్ల నుంచి ఉంది, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ల రోజూ పొద్దున వేసుకుంటాడు. పోయిన వారం పెళ్లికి పోయొచ్చిన మర్నాటి నుంచి వాంతులు, విరేచనాలు, రెండు రోజులు మజ్జిగ తప్ప ఏమీ గొంతు దిగలేదు. ఇంతలో మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మింగుతూనే ఉన్నాడంట, దిండు కింద స్ట్రిప్‌లో రెండే మిగిలి ఉంటే అప్పుడు తెలిసింది మాకు. మూడో రోజు పిలిస్తే ఊఁ అని మళ్లీ కళ్లు మూసుకుంటున్నాడు. వయసు కదా, నీరసం అనుకున్నాం. పొద్దుటి నుంచి మూత్రానికి లేవలేదని అమ్మ సాయంత్రం చెబితే గానీ మాకు తట్టలేదు.

హాస్పిటల్లో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 4.8, పొటాషియం 5.9 వచ్చింది. సెలైన్ పెట్టారు, యూరిన్ బ్యాగ్ వేశారు, అందులో అడుగున కొంచెం, చిక్కటి టీ డికాక్షన్ రంగులో. రేపటికి పరిస్థితి మారకపోతే డయాలసిస్ అన్నారు. బాబాయిలేమో ఒకసారి మిషన్ ఎక్కితే దిగేది ఉండదు, ఇంటికి తీసుకెళ్లి పసరు మందు ఇప్పిద్దాం అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు_కోడలు:

అన్నా, ముందు ధైర్యంగా ఉండండి, ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి. రెండేళ్ల కింద మా అత్తయ్యకి అచ్చం ఇలాగే అయింది, ఆవిడకి 69. మెడ దగ్గర గొట్టం పెట్టి మూడు సార్లు డయాలసిస్ చేశారు, నాలుగో సారి అవసరం రాలేదు, మూత్రం దానంతట అదే మొదలైంది. పూర్తిగా కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది, ఇప్పుడు క్రియాటినిన్ 1.3 దగ్గర ఉంటోంది. మిషన్ ఎక్కబట్టి కిడ్నీ పాడవదన్నా, కిడ్నీ కోలుకునే దాకా దాని పని మిషన్ చేస్తుంది. అందరికీ మా అత్తయ్యలాగే అవుతుందని చెప్పలేను, కొందరికి డయాలసిస్ కొనసాగించాల్సి వస్తుంది. కానీ భయపడి ఆపేస్తే ఆ కోలుకునే అవకాశం కూడా పోతుంది.

ఇంట్లో పాత రిపోర్ట్ ఏదైనా ఉందేమో వెతకండి. కంటి ఆపరేషన్‌కి ముందు చేసిందైనా, ఊళ్లో క్యాంపులో చేసిందైనా సరే. మా డాక్టర్ గారు మొదట అడిగింది అదే.

కిడ్నీవార్డు_సిస్టర్:

పదకొండేళ్లుగా ఈ వార్డులోనే పని చేస్తున్నాను, రోజూ చూసేది చెబుతున్నాను, నిర్ణయం మాత్రం మీ డాక్టర్ గారిదే.

ఉద్దానం వైపు మనం వినే కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరేది. మీ నాన్నగారిది మీరు చెప్పినదాన్ని బట్టి రోజుల్లో వచ్చినట్టుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన లోపలికి వచ్చే సన్న రక్తనాళాన్ని తెరిచి ఉంచి, బయటికి పోయేదాన్ని బిగించి ఎలాగోలా వడపోత నడిపించుకుంటుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల ఆ లోపలి దారిని తెరుచుకోనివ్వదు, టెల్మిసార్టాన్ బయటి దారిని బిగుసుకోనివ్వదు, పైగా ఆ బిళ్లలోని రెండో మందు ఉన్న నీటిని కూడా మూత్రంలో పంపించేస్తుంది. విడిగా చూస్తే బీపీ బిళ్ల మంచిదే, విరేచనాల రోజుల్లో ఈ మూడూ కలిసినప్పుడే ప్రమాదం. పెద్దవాళ్లకి దాహం కూడా సరిగా తెలియదు, అందుకే వాళ్లు అడిగేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా మేం దీన్ని కిడ్నీ దెబ్బగానే లెక్కేస్తాం. కండ తగ్గిన ముసలివాళ్లలో 1.2 అని రిపోర్ట్ మామూలుగా కనిపించినా, అంతకుముందు 0.7 ఉంటే అది మామూలు కాదు. పాత రిపోర్ట్ అందుకే.

డయాలసిస్ ఒక్క క్రియాటినిన్ అంకె చూసి పెట్టరు. పొటాషియం మందులకి దిగకపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావడం, రక్తంలో యాసిడ్ పెరగడం, మత్తుగా పడి ఉండటం, వీటిని చూస్తారు. పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, అందుకే ఆగమని చెప్పే బంధువుల మాట వినకండి. కొబ్బరినీళ్లు, పళ్లరసాలు ప్రేమగా తెస్తారు, వాటిలో పొటాషియం ఉంటుంది, అడగకుండా పట్టొద్దు. పసరులో ఏముందో ఇచ్చేవాళ్లకే తెలియదు.

ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్‌లన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లి చూపించండి.

విజయనగరం_తమ్ముడు:

స్కాన్ చేశారా? మా నాన్నకి ప్రోస్టేట్ వాచి మూత్రం ఆగిపోయింది, చుక్కలు చుక్కలుగా పడుతోంది కదా అని మేం పట్టించుకోలేదు, పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. గొట్టం వేయగానే లీటరు పైన వచ్చింది. మగవాళ్లలో ఇది తప్పకుండా చూడమనండి.

జనగామ_పెద్దకొడుకు:

అందరికీ దండాలు. స్కాన్‌లో అడ్డం ఏమీ లేదు, కిడ్నీలు 9.8, 10.1 సెంటీమీటర్లు, కుంచించుకుపోలేదన్నారు. అమ్మ బియ్యం డబ్బా వెనక పెట్టిన సంచిలో జనవరి క్యాంపు రిపోర్ట్ దొరికింది, 1.1. అది చూశాక డాక్టర్ గారి మొహంలో కూడా కొంచెం తేడా కనిపించింది. పొటాషియం తగ్గకపోతే నిన్న ఒకసారి డయాలసిస్ చేశారు. బాబాయిలు అలిగి వెళ్లిపోయారు, తర్వాత చూసుకుంటాను. రాత్రి నుంచి మూత్రం గంటకి 40 మిల్లీలీటర్లు వస్తోంది, రాసి పెడుతున్నాం. పొద్దున మనవరాలిని పేరు పెట్టి పిలిచాడు. బీపీ బిళ్ల మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి సిస్టర్?

కిడ్నీవార్డు_సిస్టర్:

చాలా సంతోషం అండి. బిళ్ల మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, అలాగని శాశ్వతంగా మానెయ్యనూ వద్దు, డిశ్చార్జ్ రోజు ఏది, ఎప్పటి నుంచి అని కాగితం మీద రాయించుకోండి. వారంలోపు ఒకసారి, మూడు నెలలకి మరోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. మోకాళ్లకి ఏం వాడాలో కూడా ఆ రోజే అడగండి, లేకపోతే ఇంటికి రాగానే మళ్లీ అదే స్ట్రిప్ కొనుక్కుంటారు. ఇకపై వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ బిళ్లలు ఆపాలా అని అడగండి. దిండు కింది ఆ రెండు బిళ్లలు ఇవాళే పారేయించండి.