రెండు బస్సులున్నవాడికి సొంత స్కానర్ అవసరమా?

బస్సు యజమాని, హోసూరు రోడ్డు, బెంగళూరు:
ఎలక్ట్రానిక్ సిటీకి స్టాఫ్ ట్రిప్పులు తిప్పుతున్నాను. రెండూ బీఎస్-6 బండ్లే. పోయిన నెల ఒకదానికి చెక్ లైట్ వెలిగి పికప్ పడిపోయింది. సర్వీస్ సెంటర్లో రెండు రోజులు ఉంచుకుని సెన్సార్ మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే లైటు. ట్రిప్పులు పోతున్నాయని ఒకటే టెన్షన్. ఇంజన్ తప్పుల కోడ్ చదివే స్కానర్ సొంతంగా కొనుక్కోవడం మేలా, దండగా?

డీజిల్ మెకానిక్, కలాసిపాళ్యం:
కొనండన్నా. కోడ్ చదవడానికి కంపెనీ కిట్టే అక్కర్లేదు. జే1939 అని, పెద్ద బండ్లలోని కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో పనిచేసే ఇంజన్‌లో తప్పేమైనా ఉంటే ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, దాన్ని సెకనుకోసారి వైర్ల మీద చెబుతూనే ఉంటుంది. వినే పరికరం ఉంటే చాలు. బిల్లు మీద కోడ్ రాశారా?

యజమాని:
ఎస్‌పీఎన్ 157, ఎఫ్ఎమ్ఐ 4.

మెకానిక్:
మొదటి నంబరు తప్పు ఎక్కడో చెబుతుంది, రెండోది ఎలాంటి తప్పో. 157 అంటే కామన్ రైల్ ప్రెషర్, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపులోని ఒత్తిడి. 4 అంటే వోల్టేజీ ఉండాల్సినదానికన్నా తక్కువ. సెన్సార్ పోయిందని అందులో ఎక్కడుంది? సిగ్నల్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఇదే కోడ్. స్విచ్ ఆపి, సెన్సార్ సాకెట్ ఊడదీసి, సిగ్నల్ వైరుకీ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. సున్నా దగ్గర చూపితే తప్పు వైరులోనే. హార్నెస్ (వైర్ల కట్ట) పొడుగునా చేత్తో తడిమి చూడండి. డీజిల్ పైపుల జోలికి మాత్రం వెళ్ళకండి, ఆ ప్రెషర్‌కి చర్మం చీలిపోతుంది.

సర్వీస్ టెక్నీషియన్, పీణ్య:
నేను ఒప్పుకోను. చదవడం వరకే సులువు. ఇంజెక్టర్ మారిస్తే దాని మీది కోడ్ ఈసీయూలో ఎక్కించాలి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి పేరుకుంటే కాల్పించాలి. చవక రీడర్లు ఇవి చేయవు. దొంగ సాఫ్ట్‌వేర్‌తో చేయబోయి ఈసీయూ పాడుచేసుకున్న బండ్లను మా దగ్గరికే లాక్కొస్తారు. కార్లకని అమ్మే బ్లూటూత్ ముక్కలు చాలావరకు 12 వోల్టులకు చేసినవి, బస్సుది 24. పెడితే కాలిపోవచ్చు.

మెకానిక్:
ఎక్కించే పని మీదే సార్, అందులో వాదన లేదు. చదివే హక్కు మాత్రం బండి ఓనరుది. కోడ్ తెలిస్తేనే కదా, సెన్సార్ మార్చేముందు వైరు చూశారా అని అడగగలిగేది! అన్నా, 24 వోల్టులకు పనికొస్తుందా, జే1939 చదువుతుందా, మీ బండి సాకెట్‌కి సరిపోయే కేబుల్ ఉందా చూసుకోండి. బండికి పెట్టి చూపించాకే డబ్బివ్వండి.

యజమాని:
వైరు చూశాం. బ్రాకెట్ దగ్గర ఒరుసుకుని రాగి బయటపడింది. సోల్డర్ చేయించి స్లీవ్ వేయించాను. మూడు రోజులైంది, లైటు రాలేదు. ఆదివారం స్కానర్ కొనడానికి, స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డుకు బస్సు తీసుకునే వెళ్తాను.